అత్తగారి బీరువాలో బ్యాకప్

చీఫ్ టేబుల్ మీద మూడు టెలిఫోన్లుంటాయి. ఎర్రది, నల్లది, ఆకుపచ్చది. మొదటి రెండింటికీ అసలు వైర్లే లేవు. వచ్చినవాళ్ళు హడలిపోవాలని పెట్టుకున్నాడు. ఏజెంట్ చురకకి ఆ సంగతి ఉద్యోగంలో చేరిన రోజే తెలిసిపోయింది. ఆ తర్వాత ఈ ఆఫీసు మీద గౌరవం కలగడానికి అతనికి మరో అవకాశం రాలేదు.

చురక అన్నది కోడ్ నేమ్. అతని నోటిని బట్టి పెట్టారు. బ్యూరోలో అతని పిస్తోలుకంటే నాలుకకే అందరూ ఎక్కువ జంకుతారు. కంప్యూటర్ల లోగుట్టు తెలిసిన ఏజెంటు అతనొక్కడే కాబట్టి పంటిబిగువున భరిస్తున్నారు.

"డ్యామ్," అన్నాడు చీఫ్, కర్టెన్లు మూస్తూ.

"ఊరికి ఎగువన ఉంటుంది. చూశాను."

"సాయంత్రం ఆరింటికి దాని గేట్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. నల్ల గొడుగు పని."

నల్ల గొడుగు ఒక విదేశీ ముఠా. ఎవరు పురమాయిస్తే వాళ్ళ తరఫున ఎవరి కొంపైనా ముంచుతారు. ఈసారి ముంచడమంటే నిజంగానే ముంచడం. పొద్దున్న డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్లన్నిటికీ తాళం పడింది. ఏ స్క్రీన్ చూసినా గొడుగు బొమ్మ, దాని కింద వెనక్కి నడుస్తున్న గడియారం.

"గేట్లకి చేత్తో తిప్పే చక్రాలుండాలిగా?" అన్నాడు చురక.

"తీసేశారు. ఆధునీకరణ."

"మంత్రిగారు రిబ్బన్ కూడా కత్తిరించి ఉంటారు."

"ఆ రోజు నేనూ వెళ్ళాను. భోజనాలు బాగున్నాయి."

"కరెంటు ఆపేస్తే?"

"కరెంటు పోతే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. అది సేఫ్టీ ఫీచరట."

చురక సీలింగ్ వైపు చూశాడు. ఇంతమంది వెధవలు ఒకే పని మీద ఇంత ఐకమత్యంగా కూర్చోవడం అతనికి ఎప్పుడూ ఆశ్చర్యమే. "సరే, దిగువ పేట ఖాళీ చేయించండి," అన్నాడు చివరికి.

"కుదరదు. పానిక్ అవుతుందని పైనుంచి ఆర్డరు. ఆరు దాకా ఎవరికీ చెప్పకూడదు."

"ఆరు దాటాక మునిగినవాళ్ళకి చెప్తారా?"

చీఫ్ ఎర్ర ఫోను కాస్త పక్కకి జరిపి సర్దాడు. జవాబు లేనప్పుడు అతను ఫోన్లు సర్దుతాడు.

దిగువ పేటలో చురక అక్క ఉంటుంది. కాలవగట్టు పక్క సందులో కింది వాటా, ముందు గదిలో కుట్టుమిషను. తల్లి పోయాక చురకని చేతుల్లో పెట్టుకుని పెంచింది ఆవిడే. ఈ భూప్రపంచంలో అతను నోరు చేసుకోని మనిషి ఆవిడొక్కతే. ఆరింటికి గేట్లు తెరుచుకుంటే ఆ సందులోకి నీళ్ళు రావడానికి పది నిమిషాలు చాలు.

"ఒక దారుంది," అన్నాడు చీఫ్. "డ్యామ్ ప్రోగ్రాం రాసిన ఇంజనీరు నియమాలకు విరుద్ధంగా ఒక కాపీ ఇంటికి పట్టుకెళ్ళాడు. ఇంట్లో బ్యాకప్ డ్రైవ్‌లో ఉంది. దాన్ని కంట్రోల్ రూమ్‌కి పంపితే గేట్లు మన మాట వింటాయి."

"పంపమనండి."

"అతని కంప్యూటర్‌కి ఆ డ్రైవ్ కనబడటం లేదట."

"అంటే ఊరు మునిగేది దీనికోసమా?"

"ఇంటర్నెట్ రిపేరు మనిషి వేషంలో వెళ్ళు. ఇంట్లో మిగతావాళ్ళకి ఏమీ తెలియకూడదు. పై వాటాలో మన డబుల్ ఏజెంట్ నెమలి అద్దెకుంటోంది. ఆ కాపీని నాశనం చెయ్యమని ముఠా పంపింది. నిజానికి మన మనిషే. సాయం చేస్తుంది."

గాడ్జెట్ల సెక్షన్‌వాళ్ళు అతనికి ఒక మీసం ఇచ్చారు. మీసంలో మైక్రోఫోను ఉంది, దానికి జతగా చెవిలో చిన్న ఇయర్‌ఫోన్. జిగురు మాత్రం సరిగ్గా లేదు.

బండి మీద దారిలో అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ సాయంత్రం మా ఇంటికి రా. బావని కూడా తీసుకురా."

"ఇవాళ ఎలా కుదురుతుందిరా? రేపు పొద్దున్నకల్లా ఆరు జాకెట్లు ఇవ్వాలి."

"మిషను పట్టుకుని రా."

"నీకు మతి గానీ పోయిందా? అయినా మీ బావ పొద్దుట్నుంచీ కొత్త రూటర్ ముందేసుకుని కూర్చున్నారు. నువ్వు చేసేది కంప్యూటర్ల పనేగా, ఒకసారి వచ్చి చూసిపోకూడదూ?"

అక్క దృష్టిలో అతను ఏదో ఆఫీసులో కంప్యూటర్లు తుడిచే ఉద్యోగి. బావ దృష్టిలో అంతకన్నా తక్కువ. బావ ఏ విషయం గురించైనా పావుగంట చెప్పగలడు, అందులో ఒక్క ముక్క నిజం ఉండదు. చురకకి ఆయన పేరెత్తితేనే ఒళ్ళు మండుతుంది.

"అక్కా, నా మాట విను. ఒక్కసారి రా."

"ఎందుకో చెప్పు."

చెప్పకూడదు. చెప్తే ఆవిడ సందులో అందరికీ చెప్తుంది, సందు పేటకి చెప్తుంది. ఇరుకు రోడ్ల మీద తొక్కిసలాట. చీఫ్ చెప్పింది మొదటిసారి సబబుగా తోచినందుకు అతనికి ఇంకా మంట పుట్టింది.

"ఊరికే," అని పెట్టేశాడు.

ఇంజనీరు ఇల్లు విశాలమైన మేడ. తలుపు తీసింది ఇంజనీరే. బట్టతల, కళ్ళజోడు, ఎవరి ఇంట్లోనో నిలబడ్డట్టు గోడకి ఆనుకుని నిలబడే తీరు. అతని గది మెట్ల కింద ఉంది. నిటారుగా నిలబడితే తల తగిలేలా ఉంది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక లాప్‌టాప్.

"ఇల్లు మీదేనా?" అన్నాడు చురక.

"మా అత్తయ్యగారిదండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉంటున్నాను. మా ఆవిడ ఉద్యోగం పని మీద ఊరెళ్ళింది."

ఇంతలో మేడ మెట్లు దిగుతూ నెమలి వచ్చింది. పట్టుచీర, ఇంట్లో కూడా తియ్యని నల్ల కళ్ళద్దాలు, ముందు సెంటు వచ్చి ఆ తర్వాత మనిషి వచ్చింది. గూఢచారి అని నుదుటి మీద రాసుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందా?" అన్నాడు చురక. అది కోడ్ వాక్యం.

"సాయంత్రాలు మరీనూ," అంది నెమలి. అది జవాబు.

ఈ కోడ్ కనిపెట్టినవాణ్ణి చురక చాలాకాలంగా వెతుకుతున్నాడు. లోకంలో ఎవర్నడిగినా ఇదే జవాబు చెప్తారు. పోయిన ఏడాది ఒక ఏజెంటు ఇదే మాటతో ఒక మంగలి షాపువాడికి రెండు రహస్యాలు అప్పజెప్పి వచ్చాడు.

పనిలోకి దిగాడు. లాప్‌టాప్ స్క్రీన్ మీద ఒక్కటే ముక్క ఉంది. 'బ్యాకప్ డ్రైవ్ కనుగొనబడలేదు.' ఆపి మళ్ళీ పెట్టాడు. కనుగొనబడలేదు. డ్రైవ్ పేరు చేత్తో టైపు చేశాడు. లేదు. పేరు కాదని అడ్రసు కొట్టాడు. లేదు. ఫైర్‌వాల్ తీసి చూశాడు. ఊహూఁ.

"అసలు ఆ డ్రైవ్‌కి కరెంటుందా?"

"ఉందండీ. లైటు వెలుగుతోందని అత్తయ్యగారు రోజూ విసుక్కుంటారు."

"ఎక్కడుంది?"

"రూటర్, డ్రైవ్ రెండూ అత్తయ్యగారి గదిలో, చెక్క బీరువాలో ఉన్నాయండీ. తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, గది విడిచి రారు."

నెమలి కళ్ళద్దాలు సర్దుకుంది. "నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఆవిడ ఆ బీరువా దగ్గర్నుంచి కదలరు," అంది.

చురకకి ఇప్పుడు తోచింది, లాప్‌టాప్ తన సొంత అడ్రసు ఏమని చెప్తోందో చూద్దామని. చూశాడు. లాప్‌టాప్ అడ్రసు ఒక వీధిది, డ్రైవ్ అడ్రసు ఇంకో వీధిది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి గానీ ఒకదాని మొహం ఒకటి చూడటానికి వీల్లేదు. వైఫై పేరు చూశాడు.

'అతిథులు.'

"ఇదేమిటి?"

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ కొత్త రూటర్ బాక్సు పెట్టినప్పుడు రెండు వైఫైలు వస్తాయని చెప్పారండీ. ఇంట్లోవాళ్ళకొకటి, వచ్చిపోయేవాళ్ళకొకటి. పంచింది అత్తయ్యగారు."

"మిమ్మల్ని వచ్చిపోయేవాళ్ళలో వేశారా?"

"అల్లుడు ఎప్పటికైనా అతిథేగా అన్నారు. మర్యాదకే అన్నారండీ."

"ఎన్నేళ్ళయింది పెళ్ళయి?"

"పద్నాలుగు."

చురక తన వృత్తిలో రకరకాల అవమానాలు చూశాడు. ఇంత సాంకేతికంగా చేసినది ఇదే మొదటిసారి. అతిథి వైఫైలో చేరినవాడు ఇంటర్నెట్‌లో ఎక్కడికైనా పోవచ్చు, ఆ ఇంట్లో వస్తువు మాత్రం ముట్టుకోలేడు. ఒక్క ముసలి తలకాయ అహంకారం వల్ల ఒక పేటంతా మునగబోతోంది. ఆ మాటే అనేశాడు కూడా, మీసంలో మైకు ఉందని మరిచిపోయి.

"నాదా అహంకారం?" అని చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"మీ గురించి కాదు సార్. ఇంకా మీ దాకా రాలేదు."

అత్తగారి గది ఇంటి మధ్యలో ఉంది. ఆవిడ వెడల్పాటి కుర్చీలో కూర్చుని ఉంది. వెనక బీరువా, నడుముకి తాళాలగుత్తి, చేతిలో పెద్ద ఫోను. ఎవరు కనబడినా ముందు వాళ్ళ చెప్పులు ఎక్కడ విడిచారో ఆరా తీసే కళ్ళు.

"ఏమయ్యా, నీ మీసం ఊడుతోంది," అంది చూడగానే.

చురక నొక్కుకున్నాడు. ఎడమవైపు నిలబడింది, కుడివైపు వేలాడింది. పీకి జేబులో వేసుకున్నాడు.

"ఇంటి వైఫై పాస్‌వర్డ్ కావాలమ్మా. అల్లుడుగారి కంప్యూటర్ అందులోకి మార్చాలి."

"ఎందుకూ?"

"బ్యాకప్ డ్రైవ్ అందడం లేదట."

"పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో అతిథిగానే ఉన్నారు. కాఫీకి లోటు చేశామా, టిఫినుకి లోటు చేశామా? ఇప్పుడు వైఫైలోకి వచ్చి చెయ్యాల్సిన రాచకార్యం ఏమొచ్చింది?" ఆవిడ అల్లుణ్ణి ఎదురుగా పెట్టుకుని గోడతో మాట్లాడింది. ఇంజనీరు ఆ గోడ పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"పోయిన నెలాఖరున ఈ బాక్సు పెట్టిన దగ్గర్నుంచీ."

చురక లెక్కవేశాడు. పోయిన నెలాఖరు నుంచి బ్యాకప్ నడవలేదన్నమాట. ఇంజనీరు వైపు తిరిగాడు. "స్క్రీన్ మీద ఎర్ర గుర్తు కనబడలేదా?"

"కనబడిందండీ. ఎవర్నడగను?"

"ఆ తర్వాత లాప్‌టాప్‌లో కొత్తగా ఏమైనా పెట్టారా?"

"ఏమీ లేదండీ. ఈ నెల మొదట్లో ఈ అమ్మాయి ఏదో ప్రింట్ తియ్యమని పెన్ డ్రైవ్ ఇచ్చింది, అంతే. మర్నాడు ఆ లాప్‌టాపే డ్యామ్‌కి తీసుకెళ్ళాను."

చురక మెట్ల కింద గదికి వెళ్ళి లాప్‌టాప్ లోపలంతా గాలించాడు. దొరికింది. ఒక మూల, ప్రింటర్ ఫైలు పేరు పెట్టుకుని, గొడుగు ప్రోగ్రాం నిద్ర నటిస్తూ పడుకుని ఉంది. డ్యామ్‌కి తాళం ఇక్కడినుంచే వెళ్ళింది. ఆ ప్రోగ్రాం ఏ డ్రైవ్ కనబడితే ఆ డ్రైవ్‌కి తాళం వేస్తుంది. ఆఫీసు బ్యాకప్‌లన్నీ అలాగే పోయాయి. ఇంట్లో డ్రైవ్ ఒక్కటే మిగిలింది, ఎందుకంటే ఈ లాప్‌టాప్‌కి అది కనబడలేదు. ఎందుకు కనబడలేదంటే, అల్లుణ్ణి అత్తగారు మనిషి కింద లెక్కచెయ్యలేదు.

తను ఆ పాస్‌వర్డ్ సంపాదించి ఈ లాప్‌టాప్‌ని ఇంటి వైఫైలో కలిపి ఉంటే, పని అక్కడితో ఆఖరు. తన చేతులతోనే అక్క పీకలమీదికి తెచ్చేవాడు.

నెమలి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ పెన్ డ్రైవ్ సంగతేమిటి?" అన్నాడు.

ఆవిడ రెప్పలు దించింది. "నా బ్యాగులో వాళ్ళే వేసి ఉంటారు. నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు?"

"అది చూస్తూనే తెలుస్తోంది."

"టైమవుతోంది. లాప్‌టాప్ కలిపేద్దాం. ప్రోగ్రాం రాసింది అందులోనేగా, అందులోంచి పంపితేనే పనిచేస్తుందేమో."

ఎవరైనా ఇక్కడ అనుమానపడాలి. చురక పడలేదు. అతని బుర్రలో మనుషుల్ని వేసుకోవడానికి ఒక్కటే డబ్బా ఉంది, దాని మీద మూర్ఖులు అని రాసి ఉంది. ఎవరు ఏం చేసినా అందులోకే వేస్తాడు. పట్టుచీర కట్టుకున్న ఈవిణ్ణి కూడా అందులోకే విసిరేశాడు.

"మీరు పైకి వెళ్ళి సెంటు రాసుకోండి. నా సొంత లాప్‌టాప్‌లోంచి పంపుతాను," అని అత్తగారి గదికి నడిచాడు.

ఆవిడ కదలలేదు. బీరువా తియ్యనంది, అందులో తన పట్టుచీరలున్నాయంది. చురక గుర్తింపు కార్డు తీసి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండువైపులా చూసి, ఫొటో బాగా లేదంది. గోడ గడియారంలో అయిదు ఎప్పుడో దాటింది.

"అమ్మా," అన్నాడు చివరికి. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మా అక్క దిగువ పేటలో ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది. ఆ డ్రైవ్‌లో ఉన్నది డ్యామ్‌కి పంపకపోతే ఆరింటికి ఆ పేటంతా నీళ్ళలో ఉంటుంది. అక్కకి ఏమీ తెలీదు. జాకెట్లు కుట్టుకుంటోంది."

చీఫ్ చెవిలో అరుస్తున్నాడు, రహస్యం రహస్యం అని. చురక ఇయర్‌ఫోన్ తీసి జేబులో మీసం పక్కన వేశాడు.

అత్తగారు అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఇది ముందే చెప్పాల్సింది. వేషాలెందుకూ? ఇలా తే." లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. "పాస్‌వర్డ్ నేనే కొడతాను. నువ్వు అటు తిరుగు, గోడవైపు. చెవులు కూడా మూసుకో. నాకు పైకి చదువుకుంటూ కొట్టే అలవాటు."

మూడు దేశాల్లో మారువేషాల్లో తిరిగి, రెండుసార్లు తూటా తిని బతికిన ఏజెంట్ చురక గోడవైపు తిరిగి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. బుద్ధిగా నిలబడ్డాడు. గుమ్మానికి వేలాడుతున్న కర్టెన్ వెనక ఎవరైనా నిలబడి వింటారని అతనికి తట్టలేదు.

కనెక్ట్ అయింది. డ్రైవ్ మొదటి క్షణంలోనే కనబడింది, ఇన్నాళ్ళూ ఏమీ జరగనట్టు. లోపలికి పోవడానికి డ్రైవ్ పాస్‌వర్డ్ ఇంజనీరు చెప్పాడు. అది అతని పుట్టినరోజు. చురక ఛీ అన్నాడు గానీ టైపు చేశాడు. అందులో రెండే పెద్ద ఫోల్డర్లున్నాయి. ఒకటి పెళ్ళి ఫొటోలు, రెండోది గేట్లు. గేట్ల ఫోల్డర్ కంట్రోల్ రూమ్‌కి పంపడం మొదలుపెట్టాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత చీమలా పాకింది.

సగం దాటింది. ముప్పాతిక దాటింది. అప్పుడు పెళ్ళి ఫొటోల ఫోల్డర్లో ఒక ఫైలు పేరు మారింది. దాని పక్కన చిన్న గొడుగు బొమ్మ మొలిచింది. తర్వాతది మారింది. ఆ తర్వాతది. వరసగా, పిండిమరలో గింజల్లా.

"ఆ లాప్‌టాప్ ఎక్కడ?" అన్నాడు చురక.

ఇంజనీరు మెట్ల వైపు చూశాడు. "గదిలోనే ఉందండీ. ఆ అమ్మాయి ఇప్పుడే లోపలికెళ్ళి తలుపేసుకుంది."

అప్పుడు దిగింది చురకకి. ఆవిడ మూర్ఖురాలు కాదు. ఆ ఇంట్లో మూర్ఖుడు ఎవరో కూడా అర్థమైంది. ఒక్క పరుగున మెట్ల దగ్గరికి వెళ్ళి తలుపు మీద భుజంతో కొట్టాడు. పాతకాలపు టేకు తలుపు, భుజానికే దెబ్బ తగిలింది.

"ఆలస్యమైంది, చురకా," అంది లోపల్నుంచి నెమలి. గొంతులో రెప్పలు దించిన వయ్యారం లేదు. "తలుపు తోస్తే కాలుస్తాను. లిప్‌స్టిక్‌లో ఒక్క తూటాయే ఉంది, ఒక్కటి చాలు. నీకు పొగరెక్కువని మావాళ్ళు ముందే చెప్పారు. పెద్దగా నటించక్కర్లేదు, తెలివితక్కువగా కనబడు, చాలు అన్నారు."

అతనికి తిరిగి ఏమనాలో తోచలేదు. నోరు వచ్చిన దగ్గర్నుంచీ ఇలా జరగడం ఇదే మొదటిసారి. మళ్ళీ అత్తగారి గదికి పరిగెత్తాడు. పెళ్ళి ఫొటోలు అయిపోవచ్చాయి. తర్వాత గేట్లే. ఆకుపచ్చ గీత ఇంకా చివరికి చేరలేదు. అక్క కుట్టుమిషను చప్పుడు అతని చెవుల్లో గిర్రున తిరిగింది. రూటర్ బీరువాలో ఉంది, దాన్ని ఆపితే పంపడం కూడా ఆగిపోతుంది. తెలిసిన విద్యలన్నీ వేళ్ళ చివరికి వచ్చి అక్కడే ఆగిపోయాయి.

అత్తగారి ఫోను టింగుమంది.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. బాక్సు పెట్టినవాడు ఆ ఫోనులో ఒక యాప్ వేసి వెళ్ళాడు. ఇంటి వైఫైలోకి ఎవరొచ్చినా అది చెప్తుంది. మిగతావాళ్ళు సీరియల్ చూసినట్టు ఆవిడ రోజంతా దాన్ని చూస్తూ కూర్చుంటుంది.

"ఇదేమిటి," అంది ఆవిడ, కనుబొమ్మలు పైకి లేస్తుంటే. "అల్లుడుగారి కంప్యూటర్ ఇంట్లోవాళ్ళ దాంట్లోకి దూరింది. ఎవర్నడిగి వచ్చినట్టు?"

బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. మళ్ళీ రాకుండా ఇంకో నొక్కు నొక్కింది.

గొడుగులు ఆగిపోయాయి. గేట్ల ఫోల్డర్లో మొదటి ఫైలు పేరు సగం మారి, వెనక్కి వచ్చి, మామూలైంది. ఆకుపచ్చ గీత చివరికి చేరింది. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. అవతల చప్పట్లు వినిపించాయి, చీఫ్ ఎవరికో తన ప్లాన్ వివరిస్తున్నాడు. డ్యామ్ స్క్రీన్ల మీద గడియారం ఆరుకి ముప్పై సెకన్ల ముందు నిలిచిపోయిందట.

చురక నేల మీదే కూలబడ్డాడు. ఒక్క నిమిషం మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. అత్తగారు చూడనట్టు ఫోను వైపు తిరిగింది.

కాసేపటికి గుమ్మంలో ఇంజనీరు కనబడ్డాడు. చేతులు నలుపుకుంటున్నాడు.

"ఆ అమ్మాయి లోపల గడియ పెట్టుకుందిగదండీ. నేను బయట గడియ కూడా పెట్టేశాను. కిటికీకి ఊచలున్నాయి. పెట్టొచ్చా?"

పద్నాలుగేళ్ళలో ఆ ఇంట్లో అతను అడక్కుండా చేసిన మొదటి పని అదే. చురక అతనికి చురక వేద్దామని నోరు తెరిచి, మూసేశాడు. లేచి అతని భుజం తట్టాడు.

బ్యూరో వ్యాను వచ్చి నెమలిని తీసుకెళ్ళింది. పోతూ పోతూ ఆవిడ కళ్ళద్దాలు తీసి చురకని ఒక్క చూపు చూసింది. అందులో కోపం లేదు, జాలి ఉంది. అదే భరించలేకపోయాడు.

"అత్తయ్యగారూ," అన్నాడు ఇంజనీరు, బూట్ల చప్పుళ్ళు సద్దుమణిగాక. "పెళ్ళి ఫొటోలన్నీ పోయాయండీ."

"పోనీండి. వాటిల్లో ఎక్కువ మీరే ఉన్నారు."

"మరి... ఇప్పటికైనా నన్ను ఇంట్లోవాళ్ళ వైఫైలో..."

"మిమ్మల్ని అందులో వేసుంటే ఇవాళ ఊరు మునిగేది, కావాలంటే ఈ అబ్బాయినే అడగండి," అంది అత్తగారు. ఎదుటివాణ్ణి పురుగులా చూడటంలో చురక తనే నిపుణుడనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. ఈ కుర్చీ ముందు తను ఇంకా ఓనమాలు దిద్దుతున్నాడు. వంగి దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

బండి తిన్నగా దిగువ పేటకి పోనిచ్చాడు. కాలవ మామూలుగా పారుతోంది. సందులో దీపాలు వెలిగాయి. కింది వాటా ముందు గదిలో అక్క మిషను తొక్కుతూనే ఉంది, పక్కన నాలుగు జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి.

"వచ్చావా? ఊరికే అని ఫోన్ పెట్టేస్తే ఏమనుకోవాలి?" అని తలెత్తింది. "అదేమిట్రా, కళ్ళు అలా ఉన్నాయి?"

"దుమ్ము." అతను మిషను పక్కన నేల మీద కూర్చుని, అక్క మోకాలికి తల ఆనించాడు. చిన్నప్పుడు అలాగే కూర్చునేవాడు. ఆవిడ ఏమీ అడక్కుండా ఒక చెయ్యి తల మీద వేసి, ఇంకో చేత్తో గుడ్డ జరుపుకుంది.

లోపల్నుంచి బావ వచ్చాడు, లుంగీ ఎగ్గట్టుకుని, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని. వైఫైకి స్క్రూడ్రైవర్ ఎందుకో ఆయనకే తెలియాలి.

"ఏమోయ్ బావమరిదీ, ఇప్పుడా రావడం? నీ అవసరం లేకుండానే బిగించేశాను. ఈ కాలంలో సెక్యూరిటీ ముఖ్యం. నీకు తెలీదుగానీ, గూఢచారులు వైఫైలోంచే దూరతారట." బావ గొంతు తగ్గించాడు. "అందుకే రెండు పెట్టాను. ఒకటి మాకు. నువ్వు 'అతిథులు'లో చేరు."

చురక నాలుక మీదికి ఏడెనిమిది మాటలు వచ్చి నిలబడ్డాయి, ఒక్కొక్కటీ బావని వారం రోజులు మంచం పట్టించగలది. అక్క మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

అతను జేబులోంచి ఫోను తీశాడు. దాంతోబాటు మీసం జారి కింద పడింది. దాన్ని కాలితో పక్కకి నెట్టి, 'అతిథులు' మీద నొక్కాడు.

"సిగ్నల్ బాగుంది బావా," అన్నాడు ఏజెంట్ చురక.